విద్వాంసుడు – సన్మానము

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ, ఏలూరునకు దక్షిణముగా, కొల్లేటి సరస్సు విస్తరించియున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు తెచ్చిన నీటిని అది తనలో నిలుపుకొని, ఉప్పుటేటి మార్గమున మెల్లమెల్లగా సముద్రమునకు విడుచును. శీతకాలము వచ్చునప్పటికి దూరదేశముల నుండి పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి ఇచ్చట వ్రాలును. ఆటపాక చెంత గూడబాతులు గూళ్లు కట్టుకొనును. ఈ పక్షులు ఏ శాసనమును చూచి వచ్చినవి కావు. 1999లో ప్రభుత్వము ఈ సరస్సును వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించినది. 1971లో ఇరాను దేశమందలి రామ్‌సార్ పట్టణమున పలు దేశములవారు కూడి చేసికొనిన ఒడంబడిక ననుసరించి, 2002లో కొల్లేటి పేరు ప్రపంచ ప్రసిద్ధములైన చిత్తడినేలల పట్టికలో చేరినది. పట్టికలో పేరు చేరినందున కొల్లేటికి పక్షులు రాలేదు. పక్షులు వచ్చుచున్నందుననే ఆ పేరు పట్టికలో చేరినది.

విద్వాంసుని సన్మానము విషయమునను ఇదియే న్యాయము. బిరుదు వచ్చినందున గానము పుట్టదు. గానము ముందుగా ఉన్నందున బిరుదు దానిని వెదకికొని వచ్చును. ఈ మాటను అందరును ఒప్పుకొందురు. అయినను బిరుదు రాగానే ఆ కాంతిలోనే విద్వాంసుని చూచుట, అది రాకున్నచో విద్వాంసుని మరచుట లోకమునకు అలవాటు. లోకపు తీరు ఎట్లున్నను, ఒక గొప్ప సన్మానమునకు తన పేరు ప్రతిపాదింపబడినదని విన్న గాయకుడు తనలో తాను ఏమి యోచింపవలెను? ఇది విచారింపదగిన ప్రశ్న. ఏలూరు సీమతోను, దానికి చేరువనున్న విజయవాడతోను సంబంధము గల కొందరు విద్వాంసుల జీవితములు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవు.

మొదట ప్రతిపాదన యన నేమో తెలిసికొనవలెను. మన దేశమున పద్మ పురస్కారములు 1954లో నెలకొల్పబడినవి. పద్మవిభూషణ్, పద్మభూషణ్, పద్మశ్రీ యని వానిలో మూడు అంతరములు కలవు. ప్రతి సంవత్సరమును ప్రభుత్వము ప్రతిపాదనలను ఆహ్వానించును. పౌరులలో ఎవ్వరైనను యోగ్యులని తాము తలచినవారి పేరును పంపవచ్చును. తన పేరును తానే పంపుకొనుటకును నియమములు అడ్డురావు. ప్రధానమంత్రి నియమించు సంఘము మంత్రివర్గ కార్యదర్శి అధ్యక్షతన ఆ పేర్లను పరిశీలించును. గణతంత్ర దినోత్సవ సందర్భమున ఎంపికైనవారి పేర్లు వెల్లడియగును. పిమ్మట రాష్ట్రపతి వారికి పతకమును, ప్రశంసాపత్రమును ప్రదానము చేయుదురు. ఈ సన్మానముతో ధనము రాదు. దీనిని పేరునకు ముందుగాని వెనుకగాని బిరుదుగా తగిలించుకొనరాదని సర్వోన్నత న్యాయస్థానము 1995లో స్పష్టపరచినది.

ధనము లేదు, పేరునకు తగిలించుకొను వీలును లేదు. ఇక మిగిలినదేమి? "నీవు చేసిన పని మేము చూచితిమి" అను దేశపు మాట ఒక్కటే మిగిలినది. ఆ మాట చిన్నది కాదు. ఏండ్ల తరబడి తెల్లవారుజామున లేచి స్వరసాధన చేసినవానికి, సభలో పది మందియే ఉన్నను పూర్ణమనస్కుడై పాడినవానికి, ఆ మాట చల్లని గాలివలె తాకును. కావున ప్రతిపాదన వార్త విని గాయకుడు సంతోషించుట తప్పు కాదు. సంతోషమును దాచుకొనుట వినయము కాదు; అది ఒక విధమైన నటన.

అయితే ప్రతిపాదన వేరు, ప్రదానము వేరు. ప్రతిపాదింపబడిన పేర్లు అనేకములు, ఎంపికయగునవి కొన్నియే. ఈ రెంటి నడుమ నున్న నెలలే విద్వాంసునకు నిజమైన పరీక్ష. అంతవరకు శ్రుతిని విన్న చెవి వార్తల కొరకు ఎదురుచూడ మొదలిడినచో, గానమున ఎక్కడనో ఒక సన్నని బీట వారును. రక్తిగా పాడవలసిన రాగమును గొప్పగా పాడవలెనను తొందర పుట్టును. మెప్పు కోరు కంఠము మెల్లగా తన స్వరమును తానే వినుట మానివేయును. ఈ ప్రమాదము నుండి తప్పించుకొనుటకు విద్వాంసునకు ఒక్కటే దారి కలదు. అది తన విద్యలో తనదెంత, పరులదెంత యని లెక్క చూచుకొనుట.

ఆ లెక్కలో మొదటి పద్దు గురువుది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి జీవితము ఇందుకు నిదర్శనము. ఆయన 1930వ సంవత్సరము జులై 6వ తేదీన, నాటి తూర్పుగోదావరి మండలమందలి శంకరగుప్తమున జన్మించెను. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీతజ్ఞులు. తల్లి సూర్యకాంతమ్మగారు వీణా విద్వాంసురాలు. ఆయన పసికందుగా ఉన్నప్పుడే తల్లి మరణించినది. తండ్రి ఆ బాలుని విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారికి అప్పగించెను. త్యాగరాజస్వామి శిష్యులు మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు. వారి శిష్యులు పంతులుగారు. అనగా ఆ బాలుడు త్యాగయ్యకు శిష్యపరంపరలో ఐదవ తరమువాడు.

ఆ బాలుడు పసిప్రాయముననే విజయవాడలో జరిగిన ఆరాధనోత్సవములందు పాటకచేరీ చేసెను. సుప్రసిద్ధ హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతారుగారు ఆ గానమును విని, మురళీకృష్ణ యను పేరునకు ముందు "బాల" యను మాటను చేర్చిరి. ఆయన అందుకొనిన మొదటి సన్మానము అదియే. దానికి పతకము లేదు, పత్రము లేదు. అయినను తరువాతి సన్మానములేవియు ఆయన పేరులో నిలువలేదు. ఈ ఒక్కటి మాత్రము ఆయన వృద్ధుడైనను విడువక కడదాక నిలిచినది. 1978లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి బిరుదము, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రెంచి ప్రభుత్వపు షెవాలియే గౌరవము ఆయనను వరించినవి. 2016 నవంబరు 22వ తేదీన ఆయన చెన్నపట్టణమున తనువు చాలించెను. శిష్యుడు ఈ గౌరవములను అందుకొనిన నాటికి గురువు లేడు. పంతులుగారు 1951లోనే పరమపదించిరి. విద్య నాటినవాడు దాని ఫలమును చూడకపోవుట గురువులకు తరచుగా సంభవించు విషయము. అందుచేత సన్మానపు వార్త విన్న శిష్యుడు ముందుగా తలచుకొనవలసినది గురువునే.

లెక్కలో రెండవ పద్దు ప్రక్కవాద్యములది. పాటకచేరీలో జనులు గాయకుని మాత్రమే చూతురు. గాయకునకు ఒక ప్రక్క ఫిడేలు, మరొక ప్రక్క మృదంగము, వెనుక తంబుర ఉండును. గాయకుడు రాగమును ఆలాపించునప్పుడు ఫిడేలు విద్వాంసుడు నీడవలె వెంట నడచును. గాయకుడు ఏ రాగము నెత్తుకొనునో, ఏ సంగతిని ఎచ్చట త్రిప్పునో అతనికి ముందుగా తెలియదు. ముందుగా కూర్చుండి అభ్యసించుకొను ఆచారము మన కచేరీలలో అరుదు. విన్న క్షణముననే విల్లు కదలవలెను. గాయకుడు ఆగిన చోట అతడు తన ఆలాపన చేయవలెను. కాని గాయకుడు కట్టిన భావమును చెడగొట్టరాదు. కల్పనస్వరములలో గాయకుడు వేసిన ప్రశ్నకు సరియైన జవాబు చెప్పవలెను. కాని గాయకుని ఓడింపవలెనను పట్టుదల కనబడరాదు. ఇంతటి విద్యను, ఇంతటి అణకువను ఒక్కచో నిలుపుట సామాన్యమైన పని కాదు.

ఈ ఫిడేలు మన దేశమున పుట్టిన వాద్యము కాదు. ఐరోపా నుండి వచ్చిన ఈ వాద్యమును ముత్తుస్వామి దీక్షితుల సోదరుడైన బాలుస్వామి దీక్షితులు అభ్యసించి, కర్ణాటక సంగీతమునకు అలవరచెనని సంగీత చరిత్ర చెప్పుచున్నది. పరాయి దేశపు వాద్యము మన గాత్రమునకు నీడయైనది. ఆ నీడను తన జీవితముగా చేసికొనినవారిలో అన్నవరపు రామస్వామిగారు ఒకరు. ఆయన 1926లో ఏలూరునకు చేరువనున్న సోమవరప్పాడు గ్రామమున జన్మించెను. ఆయనయు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడే. అనగా బాలమురళీకృష్ణ గారును, రామస్వామిగారును ఒకే గురువు ఇంట విద్య నేర్చిన సహాధ్యాయులు. ఒకరు పాడగా మరొకరు ఫిడేలు వాయించిన సభలు పెక్కులు. విజయవాడ ఆకాశవాణి కేంద్రమున రామస్వామిగారు నిలయ విద్వాంసుడుగా చిరకాలము పనిచేసెను. వందన యను రాగము, త్రినేత్రాది యను తాళము ఆయన కల్పనలని ప్రసిద్ధి.

1991లో సహాధ్యాయికి పద్మవిభూషణ్ వచ్చినది. రామస్వామిగారికి పద్మశ్రీ 2021లో వచ్చినది. అప్పటికి ఆయన తొంబదియైదవ యేట నుండెను. ఈ రెండు సంవత్సరముల నడుమ ముప్పది యేండ్లు గడచినవి. గాయకుని గానము ముందు వినబడి, ఫిడేలు తరువాత వినబడుట కచేరీలో ధర్మమే. కాని ఆ ఎడము కచేరీలో ఒక్క క్షణము. సన్మానములో ముప్పది యేండ్లు!

ఆ 2021లోనే ఆంధ్రప్రదేశ్ నుండి పద్మశ్రీ పొందినవారిలో మరొక ప్రక్కవాద్య విద్వాంసురాలు కలదు. ఆమె నిడుమోలు సుమతిగారు. ఆమె 1950లో ఏలూరున జన్మించినది. తండ్రి నిడుమోలు రాఘవయ్యగారు మార్దంగికుడు. ఆయనయే ఆమెకు తొలి గురువు. పిమ్మట ప్రఖ్యాత మార్దంగికుడైన దండమూడి రామమోహనరావుగారి వద్ద ఆమె విద్యను పెంపొందించుకొని, ఆయననే వివాహమాడినది. మృదంగము మగవారి వాద్యమని లోకము తలచు కాలమున ఒక బాలిక దానిని చేపట్టుట సాహసమే. పనసకర్రతో చేసిన ఆ వాద్యము బరువైనది. ప్రతి కచేరీకి ముందు దాని ఎడమ మూతకు తడిపిన రవ్వముద్దను అంటించి, నాదమును సరిచూచుకొనవలెను. కచేరీ ముగిసిన వెనుక ఆ ముద్దను తీసివేయవలెను. ఎన్ని బిరుదములు వచ్చినను ఈ పని తప్పదు. ముద్ద సరిగా లేకున్నచో ఎంతటి విద్వాంసుని మృదంగమైనను సరిగా పలుకదు.

ఒకే యేట, ఒకే సీమకు చెందిన ఇరువురు ప్రక్కవాద్య విద్వాంసులకు దేశము గౌరవము చేసినది. ఏలూరు సీమకు ఇది గర్వకారణము. సభలో ప్రక్కగా కూర్చుండువారు కూడ సభకు ఆధారమే యని దేశము ఒప్పుకొనినట్లయినది. గాయకుని సన్మానమునకు ప్రతిపాదన వచ్చినప్పుడు, ఆ గానమున ఫిడేలు పాలు ఎంత, మృదంగపు పాలు ఎంత యని అతడు లెక్కవేసి చూచుకొనవలెను. ఆ లెక్క సరిగా చూచినవాడు "ఈ సన్మానము నాది" అని అనజాలడు. "ఇది మాది" అని మాత్రమే అనగలడు.

ఇచ్చట ఒక సందేహము కలుగును. తొంబది యేండ్లు దాటిన పిదప వచ్చిన సన్మానము న్యాయమా? ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవారును కలరు. గుంటూరు సీమలో పుట్టి, అనేక భాషలలో వేలకొలది చలనచిత్ర గీతములు పాడిన ఎస్. జానకిగారికి 2013లో పద్మభూషణ్ ప్రకటింపబడినది. ఆమె దానిని స్వీకరింపలేదు. అది చాల ఆలస్యముగా వచ్చినదనియు, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు లభించుట లేదనియు ఆమె బహిరంగముగా తెలిపినది. ఆ నిరాకరణలో అహంకారమును వెదకుట సరికాదు. తన పనిని తాను గౌరవించుకొనువాడు ఆలస్యమును ప్రశ్నించుటకు అర్హుడు. తంజావూరు రాజాస్థానము నుండి వచ్చిన కానుకలను త్యాగరాజస్వామి వలదనెనని పరంపరగా చెప్పుకొందురు. స్వీకరించుట ఒక ధర్మమైనచో, వలదనుట మరొక ధర్మము. రెండును తమ విద్యకు కట్టుబడిన మనస్సు నుండియే రావలెను. కోపము నుండి వచ్చిన నిరాకరణయు, ఆశ నుండి వచ్చిన స్వీకారమును విద్వాంసుని చిన్నవానిని చేయును.

ఆలస్యము కాని సన్మానము కూడ లోకమున కలదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు యౌవనమున విజయనగరమందలి మహారాజావారి సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరగోరి వెళ్లెను. ఆయన ఫిడేలును విన్న పెద్దలు ఆయనను విద్యార్థిగా చేర్చుకొనలేదు. 1919లో ఆచార్యునిగా నియమించిరి. 1936లో ఆయన ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యెను. పద్మశ్రీ ఆయనకు 1957లో వచ్చినది. కాని అంతకు ముప్పదియెనిమిది యేండ్లు ముందుగా ఆ పెద్దలు చేసిన గౌరవము దానికంటె తక్కువది కాదు. ఏలయన, వారు ఆయన మెడలో పూలదండ వేయలేదు. ఆయన చేతిలో పని పెట్టిరి. "నీవు నేర్చుకొనినది చాలును, ఇక నేర్పుము" అను మాటకు మించిన బిరుదము విద్వాంసునకు మరియొకటి లేదు.

లెక్కలో మూడవ పద్దు రాబోవు తరముది. సన్మానము గడచిన పనికి కూలి యని భావించువాడు దానిని గోడకు తగిలించి ఊరకుండును. అది ముందున్న పనికి అప్పు యని భావించువాడు మరునాడే శిష్యుని పిలిచి పాఠము చెప్పును. కొల్లేటి విషయమున ఈ సంగతి తేటపడినది. అభయారణ్యమని పేరు వచ్చినంతనే సరస్సు బాగుపడలేదు. దానిలో చేపల చెరువులు వెలసి, నీటి పారుదలకు గట్లు అడ్డుపడినవి. 2006లో ప్రభుత్వము అక్రమమైన ఆ గట్లను కొట్టివేయించినది. అభయారణ్యమను పేరు లేకున్నచో ఆ పనికి ఆధారము బలహీనమై యుండెడిది. పేరు పక్షులను తేలేదు. కాని పక్షులకు చోటు మిగుల్చుటకు ఆ పేరు అక్కరకు వచ్చినది. సంగీత విద్వాంసుని సన్మానమును ఇట్టిదే. అది విద్యను సృష్టింపదు. విద్యను కాపాడుమని అందరికిని గుర్తు చేయును. పద్మశ్రీ పొందిన మార్దంగికురాలి పేరు వార్తాపత్రికలో చూచి, ఒక పల్లెటూరి బాలిక మృదంగము నేర్చుకొందునని తల్లిని అడిగినచో, ఆ సన్మానము సార్థకమైనట్లే.

ఈ లెక్క విద్వాంసుడొక్కడే చూచుకొనవలసినది కాదు, లోకమును చూచుకొనవలెను. ఎవ్వరైనను ప్రతిపాదింపవచ్చునని నియమమున్నప్పుడు, యోగ్యుని పేరు ఎవ్వరును పంపకపోవుట ఎవరి లోపము? కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ జాతర జరుగునప్పుడు సన్నాయి, డోలు వాయించువారు కలరు. ద్వారకాతిరుమల కొండపై స్వామివారి సేవలకు నాదస్వరము పలికించువారు కలరు. ఊరూర భజన మందిరములలో రాత్రి తెల్లవార్లు పాడువారు కలరు. వీరిలో పెక్కురి పేర్లు పక్క ఊరివారికైనను తెలియవు. అట్టివారి పాటను శ్రద్ధగా విని, వారి పేరును, వారి గురువు పేరును, వారికి వచ్చిన కీర్తనలను ఒక పుస్తకమున వ్రాసియుంచుట విద్యార్థులు కూడ చేయదగిన పని. సన్మానము ఢిల్లీలో జరుగును. కాని దానికి పునాది ఊరిలో పడవలెను. విని గుర్తించు చెవి ఊరిలో లేనిదే పేరు రాజధానికి చేరదు.

ఇక ప్రతిపాదింపబడిన విద్వాంసుడు చేయవలసినదేమి? గురువును తలచుకొనవలెను. ప్రక్కవాద్యములవారికి కృతజ్ఞత చెప్పవలెను. శిష్యులను పిలువవలెను. ఎంపిక జరిగినచో ఆ మూడు పనులను మరింత శ్రద్ధగా చేయవలెను. జరుగకున్నను అవే పనులను అంతే శ్రద్ధగా చేయవలెను. ఫిడేలు తంతులు రాత్రి గడచునప్పటికి సడలును. తెల్లవారగానే వానిని మరల బిగించుకొనవలెను. రాష్ట్రపతి చేతి నుండి పతకము నందుకొనినవానికిని, ఊరి గుడిలో నలుగురి ముందు పాడినవానికిని ఆ తెల్లవారుజాము ఒక్కటియే. తంబుర మీటినప్పుడు పలుకు షడ్జమును ఒక్కటియే.